సంకల్పము: దేవుని ఎదుట మన చిరునామా

ఆలయమునకు వెళ్ళి అర్చన చేయించు ప్రతివారిని అర్చకులు ముందుగా అడుగు ప్రశ్నలు రెండు. ఒకటి, గోత్రమేమి? రెండు, పేరేమి? డర్బను నగరమందలి మన ఆలయములలో ఈ ప్రశ్న వినబడగానే యువకుడు తల్లి ముఖము చూచును. తల్లి అవ్వ ముఖము చూచును. అవ్వ ఉన్న ఇంట సమాధానము దొరకును. అవ్వ లేని ఇంట అర్చకులే ఏదో ఒక గోత్రము చెప్పి పూజ సాగింతురు. గంట మ్రోగును, హారతి వెలుగును, ప్రసాదము చేతికి వచ్చును. ప్రశ్న మాత్రము అట్లే మిగిలిపోవును.

ఆ ప్రశ్న సంకల్పము అను పూజాభాగమునకు చెందినది. సంకల్పమందలి మాటలను తెలుగు తరగతుల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు ఒక్కొక్కటిగా వివరించుటయే ఈ పాఠము ఉద్దేశము. చివర ఒక అభ్యాసము కలదు. దానిని ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండి వ్రాయవలెనని నా ప్రార్థన.

సంకల్పమనగానేమి?

సంకల్పమనగా మనస్సున చేసికొను దృఢనిశ్చయము. పూజాక్రమమున దీపము వెలిగించి, విఘ్నేశ్వరుని తలచి, ఆచమనమును ప్రాణాయామమును చేసిన పిమ్మట సంకల్పము వచ్చును. కలశపూజ, ఆవాహనము, అభిషేకము, అలంకారము, అర్చన, నైవేద్యము, నీరాజనము మొదలగునవి అన్నియు దాని తరువాతివే. అనగా దేవునికి ఒక పువ్వునైనను సమర్పించుటకు పూర్వము, సమర్పించువాడు తానెవ్వడో ఎరుకపరచుకొనవలెను. లేఖ వ్రాయువాడు పైన ఊరును తేదియును, క్రింద సంతకమును ఉంచుట వంటిదే ఇది.

సంకల్పమున నాలుగు ప్రశ్నలకు సమాధానము ఉండును. ఎచ్చట? ఎప్పుడు? ఎవరు? ఎందులకు? శాస్త్రమున వీనిని దేశము, కాలము, గోత్రనామములు, ప్రయోజనము అని చెప్పవచ్చును.

సంకల్పము సంస్కృతమున నున్నదని భయపడనక్కరలేదు. సంవత్సరము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము, కుటుంబము, క్షేమము, ఆయువు, ఆరోగ్యము, ఇవి అన్నియు తెలుగువాడు దినదినమును పలుకు మాటలే. ఒక్క సంవత్సరము తెలుగు చదివిన బాలుడు వీనిని చెవితో గుర్తుపట్టగలడు. ఆంగ్లాక్షరములలో వ్రాసికొని చదువువానికి ఈ సౌకర్యము లేదు. ఆ లిపిలో 'వారము' అనునదియు 'వరము' అనునదియు ఒకే రీతిగా కనబడును. ఒకటి ఏడు దినములలో ఒకటి. రెండవది దేవుడు ఇచ్చునది. 'కాలము', 'కలము' అను మాటలకును ఇదే గతి. తన భాషను తన లిపిలో చదువువానికే ప్రార్థన మాటలుగా వినబడును. తక్కినవారికి అది ధ్వని మాత్రమే.

1. ఎచ్చట? - దేశము

ఆంధ్రదేశమున పురోహితుడు జంబూద్వీపముతో మొదలుపెట్టి భరతవర్షమును, భరతఖండమును చెప్పి, మేరుపర్వతమునకు దక్షిణ దిక్కున అని నిర్దేశించి, శ్రీశైలమునకు తమ ఊరు ఏ దిక్కున నున్నదో, ఏ నదుల నడుమ నున్నదో చెప్పును. పెద్దదానినుండి చిన్నదానికి దిగివచ్చు ఈ క్రమమున కడకు తాను కూర్చున్న పీట యొద్దకు చేరును. రైతుబిడ్డ కూడ దీనిని వినుచు వినుచు తన ఊరి ఎల్లలను నేర్చుకొనును.

మన పెద్దలు ఆ ఎల్లలను దాటి వచ్చిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు మొదలగు జిల్లాలనుండి చెన్నపట్టణము చేరి ఓడ ఎక్కిరి. 'ట్రూరో' అను మొదటి ఓడ 342 మందితో చెన్నపట్టణమునుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను రేవు చేరెను. 1911 వరకు వచ్చిన ఓడలలో ఒడంబడిక కూలీలుగా దిగినవారు మొత్తము 152,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు చెన్నపట్టణమున ఓడ ఎక్కినవారే.

ఈ గడ్డపై కూర్చుండి సంకల్పము చెప్పునపుడు ఏ ద్వీపము పేరు చెప్పవలెను? పురాణములందు జంబూ, ప్లక్ష, శాల్మలి, కుశ, క్రౌంచ, శాక, పుష్కరములని ద్వీపములు ఏడు. ఉత్తర అమెరికాలోని ఆలయములలో పెక్కుచోట్ల క్రౌంచద్వీపమని చెప్పుట కలదు. కొందరు పెద్దలు పూర్వులు చెప్పిన జంబూద్వీపమునే విడువక చెప్పుదురు. ఈ విషయమున మీ ఆలయ సంప్రదాయమును అనుసరింపుడు. అయితే ఏ ద్వీపము చెప్పినను, మన నగరము పేరును మన నది పేరును చెప్పుట మరువరాదు. గోదావరి తీరమున నున్నవాడు గోదావరిని చెప్పును. ఉమ్గేని తీరమున నున్నవాడు ఉమ్గేనిని చెప్పుటలో తప్పేమి కలదు? మన తాతలు స్నానము చేసినది, వారి అస్థికలు కలిసినది ఇచ్చటి నీటిలోనే గదా.

నదికిని ఆలయమునకును గల సంబంధము మన నగరమున ప్రత్యక్షముగా కనబడును. ఉమ్బిలో నది ఒడ్డున 1875లో వెలసిన ఆలయము ఆఫ్రికా ఖండమున మొట్టమొదటి హిందూ దేవాలయమని చెప్పుదురు. ఆ ఆలయమును నది వరద నాశనము చేసెను. కాని దాని ద్వారబంధముల తలుపులను భద్రపరచిరి. 1947లో కేటో మేనరునందు అంబలవాణర్ ఆలయమును కట్టినపుడు ఆ తలుపులనే అందు అమర్చిరి. గోడలు కొత్తవైనను, భక్తులు లోనికి ప్రవేశించు వాకిలి మాత్రము తొలినాటిది. నగర ఉత్తరమున మౌంట్ ఎడ్జ్‌కూంబ్ చెరకు తోటలలో 19వ శతాబ్ది చివర గణేశాలయమును నిర్మించిన శిల్పి కిష్టప్ప రెడ్డి. ఇట్లు తోటలలోను, నదుల ఒడ్డునను మొదలైన ఆలయములే క్రమముగా నగరము పెరిగి చుట్టుముట్టగా నగరాలయములైనవి.

తరువాత మరియొక కష్టము వచ్చెను. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టమువలన కేటో మేనరు నివాసులు ఇండ్లు విడువవలసి వచ్చెను. నగర పురపాలక సంఘపు పనివారు కాపురమున్న మేగజైన్ బేరక్స్ కూడ ఖాళీయయ్యెను. 1960 తరువాతి సంవత్సరములలో వేలకొలది కుటుంబములు చాట్స్‌వర్తునకును, పిమ్మట ఫీనిక్సునకును తరలిపోయెను. మనుష్యులు వెళ్ళిరి, కేటో మేనరు ఆలయము ఉన్నచోటనే నిలిచెను. ఉత్సవ దినములందు దూరమునుండి వాహనములలో ఆలయమునకు వచ్చు కుటుంబములను చూచి, ఇంత శ్రమ ఎందులకని పిల్లలు అడుగుదురు. దానికి సమాధానము సంకల్పముననే యున్నది. ఇల్లు మారవచ్చును. దేవుని ఎదుట తాత చెప్పిన ఊరిపేరు అంత త్వరగా మారదు.

2. ఎప్పుడు? - కాలము

కాలమును చెప్పు క్రమము ఇది: సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము.

తెలుగు సంవత్సరములు అరువది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మరల ప్రభవ వచ్చును. 1987 ఉగాదినాడు ప్రభవ ప్రారంభమయ్యెను. 2025 మార్చి 30న విశ్వావసువు, 2026 మార్చి 19న పరాభవ ప్రారంభములు. దేవాలయ తరగతులలో మేము ఈ అరువది పేర్లను పెద్దబాలశిక్షనుండి వల్లించెడివారము. వల్లించునపుడు అది పద్యమువలె తోచెను గాని, అది లెక్క అని తరువాత తెలిసినది.

ఆ లెక్కతో ఒక ఉదాహరణ చేయుదము. 'ట్రూరో' ఓడ చేరిన 1860 నవంబరు 16 దేవుని కాలమానమున ఏ దినము? అది రౌద్రి నామ సంవత్సరము. దక్షిణాయనము. శరదృతువు. కార్తిక మాసము. దీపావళి అమావాస్య గడచి కొద్ది దినములే యైనందున శుక్లపక్షము. శుక్రవారము. ఆ ఓడలో దీపావళి ఎట్లు గడచెనో మనకెవ్వరును వ్రాసిపెట్టలేదు. కాని రేవు చేరిన ఆ శుక్రవారమునాడు ఆకాశమున సన్నని కార్తిక చంద్రరేఖ ఉండెనని లెక్కవలన తెలియును. రౌద్రి మరల 1920లోను, 1980లోను వచ్చెను. 2040లో ఇంకొకసారి వచ్చును. అప్పటికి మన రాక జరిగి మూడు ఆవృత్తులు, అనగా 180 సంవత్సరములు నిండును.

ఇచ్చట విద్యార్థులు తరచుగా అడుగు సందేహము ఒకటి కలదు. పంచాంగమున వసంతఋతువని యున్నపుడు మన నగరమున ఆకులు పండబారు కాలమేల? డర్బను భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు 30 అంశల దూరమున నున్నది. కావున ఋతువులు తలక్రిందులగును. చైత్ర వైశాఖములు అచ్చట వసంతము. ఇచ్చట ఎండ తగ్గి చలి మొదలగు కాలము. ఓడ దిగినవారు శరత్తున బయలుదేరి, శరత్తుననే చేరినను, వారికి ఎదురైనది వేసవి ముంగిట నున్న నేల. సంకల్పమున ఋతువు మాసముతో ముడివడి యున్నందున, మాసము పేరును బట్టియే ఋతువు పేరు చెప్పుట మన ఆలయములందు వాడుక.

అయనము సంగతి మరింత రమ్యమైనది. దక్షిణాయనమున సూర్యుడు దక్షిణముగా సాగును. ఆంధ్రదేశమువారికి అది సూర్యుడు దూరమగు కాలము. మనకు సూర్యుడు చేరువగు కాలము. పగళ్ళు పెరుగు కాలము. ఒకే మాట, ఒకే సూర్యుడు. నిలుచున్న చోటు వేరు. సంకల్పమున దేశము ముందు చెప్పి కాలము తరువాత చెప్పుటకు కారణము ఇట్టిచోట బాగుగా బోధపడును.

ఉగాది పచ్చడికి మామిడికాయ వెదకు గృహిణులకు ఈ పాఠము అనుభవమే. అచ్చట ఉగాదికి లేత మామిడి చెట్టున వ్రేలాడును. ఇచ్చట మార్చి మాసాంతమునకు మామిడి కాలము ముగింపునకు వచ్చును. వేపపూత దొరకని ఇంట వేపాకుతో సరిపెట్టుకొందురు. ఆరు రుచులు ఉండవలెనను నియమము నిలిచెను. రుచి ఇచ్చు వస్తువు మారెను. మన పూర్వులు ఆచారమును కాపాడిన విధము ఇదియే.

పండుగ ఏ దినమున చేయవలెనను వాదములకు కూడ కారణము కాలగణనలో కలదు. దక్షిణాఫ్రికా గడియారము భారతదేశపు గడియారముకంటె మూడున్నర గంటలు వెనుక. అచ్చట సూర్యోదయమున నున్న తిథి, ఇచ్చట సూర్యోదయమగునప్పటికి ముగిసిపోవచ్చును. అందువలన ఒక్కొక్క పండుగ ఒక దినము ముందు వెనుకలు కావచ్చును. ఇది ఒకరి తప్పు కాదు. ఇరుగుపొరుగు ఆలయములవారు దీనికై కలహింపక, ముందుగా కూడి నిర్ణయించుకొనుట మేలు.

3. ఎవరు? - గోత్రనామములు

గోత్రమనగా ఒక ఋషి పేరుతో చెప్పుకొను వంశము. తెలుగువారిలో పెక్కు కులములవారికి గోత్రముకంటె ఇంటిపేరే ముఖ్యము. వివాహ సంబంధములు చూచునపుడు ఇంటిపేరు ఒకటియా వేరా అని అడుగుట వారి ఆచారము. కావున గోత్రము తెలియనివాడు ముందుగా ఇంటిపేరును వెదకవలెను. రెండును తెలియనివారికి శివగోత్రమనియో, విష్ణుగోత్రమనియో, కాశ్యపగోత్రమనియో చెప్పుట వాడుకలో నున్నది. గోత్రము తెలియదని సిగ్గుపడి అర్చనకు దూరముగా నిలుచుట తగదు. తెలియకపోవుట నేరము కాదు. వెదకకుండుట మాత్రము లోపము.

మన ఇంటిపేర్లు ఎట్లు పోయెను? ఓడ ఎక్కునపుడు గుమాస్తా వ్రాసికొన్నది కూలి పేరును, అతని తండ్రి పేరును మాత్రమే. తరువాతి తరములలో ఆ పేరే వంశము పేరుగా స్థిరపడెను. కొందరికి నాయుడు, రెడ్డి వంటి కులబిరుదులు వంశనామములైనవి. మరికొందరికి తాతయొక్క సొంతపేరే వంశనామమైనది. అప్పలస్వామి, నరసింహులు, వీరాస్వామి అను వంశనామములు ఇట్టివి.

ఈ పేర్లను తక్కువగా చూడకుడు. వానిలో ఊరు దాగియున్నది. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అనునవి విశాఖపట్టణపు చెంతనున్న సింహాచల వరాహనరసింహస్వామి పేర్లు. ఆ ప్రాంతమువారు ఆ స్వామి పేరును బిడ్డలకు పెట్టుకొనుట తరతరాల ఆచారము. నేడు డర్బను పాఠశాలలో హాజరు పట్టీయందు అప్పలస్వామి అను పేరు పిలువగానే లేచి నిలుచు బాలుడు తనకు తెలియకుండగనే సింహాచలము పేరు మోయుచున్నాడు.

ఇంతకంటె స్పష్టమైన ఆధారము మరియొకటి కలదు. ఓడల జాబితాలు డర్బను పత్రభాండాగారమున భద్రముగా ఉన్నవి. వానిలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై నున్న పుట్టుమచ్చలు వ్రాయబడి యున్నవి. పరదేశపు గుమాస్తా వినినది వినినట్లు వ్రాసినందున ఊళ్ళ పేర్లు వికృతములై యుండును. తెలుగు వచ్చినవాడు వానిని బిగ్గరగా పలికి చూచినచో నిజమైన పేరు బయటపడుట కలదు. ఆ సంఖ్య దొరకినచో జాబితాలో వెదకుట సులభము. ఇంట దాచిన పాత జనన, వివాహ, మరణ పత్రములందు తరచుగా ఆ సంఖ్య కనబడును. పాత కాగితమని వానిని పారవేయకుడు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము చెప్పవలసి యున్నది. పితృకార్యమున మూడు తరములవారిని పేరుపెట్టి తలచుట ఆచారము: తండ్రి, తాత, ముత్తాత. నా వయస్సు వారికి ఓడ దిగినవాడు ముత్తాతయో, కొన్ని ఇండ్లలో తాతయో అగును. కావున ఇన్నాళ్ళును అతని పేరు సంవత్సరమునకొకసారియైనను ఇంట వినబడుచుండెను. మా పిల్లల కాలమున అతడు నాలుగవ తరమువాడై, ఆ మూడు పేర్ల వరుసనుండి తొలగిపోవును. సముద్రము దాటి మనల నిచ్చటికి తెచ్చినవాని పేరు, ఆచారము తప్పకుండగనే, మన నోటినుండి జారిపోవును. శాస్త్రము మూడు తరములను స్మరింపుమన్నది గాని, నాలుగవవానిని మరువుమనలేదు. నోటితో చెప్పుట ఆగిపోవు చోట చేతితో వ్రాసిపెట్టవలెను. ముత్తవ్వల పేర్లను కూడ వ్రాయవలెను. వారును అదే ఓడలో వచ్చినవారు, అదే చెరకు తోటలో పనిచేసినవారు.

4. ఎందులకు? - ప్రయోజనము

సంకల్పమున భక్తుడు తనకొరకు మాత్రము అడుగడు. 'సహకుటుంబ' అను మాట అందు తప్పక వచ్చును. కుటుంబముతో కూడ క్షేమము, ధైర్యము, ఆయువు, ఆరోగ్యము కోరుట సంప్రదాయము. నగరాలయమున ఈ కుటుంబము అను మాట విస్తరించినది. పందిరి వేయువారు, అన్నదానమునకు కూరలు తరుగువారు, చావు జరిగిన ఇంటికి ముందుగా చేరువారు, వీరందరును ఆ మాటలోనివారే. అమ్మవారికి అంబలి పోయునపుడు తమిళులు, తెలుగువారు అను భేదము లేదు. శనివారముల గోవింద వ్రతమునకును అంతే.

మన కుటుంబములకు గుర్తింపే లేకపోయిన కాలము ఒకటి ఉండెను. 1913 మార్చిలో కేప్ న్యాయస్థానమిచ్చిన తీర్పువలన హిందూ విధిని జరిగిన వివాహములు చెల్లని స్థితి ఏర్పడెను. అగ్నిసాక్షిగా పెండ్లాడిన స్త్రీ చట్టము దృష్టిలో భార్య కాకపోయెను. ఆ సంవత్సరపు సత్యాగ్రహమున స్త్రీలు సైతము జైలుకు వెళ్ళిరి. 1914 నాటి చట్టమువలన ఆ కళంకము కొంత తొలగెను. నేడు మన ఆలయమున పెండ్లి సంకల్పము చెప్పునపుడు వినబడు వధూవరుల పేర్లు అట్టి పోరాటము దాటి వచ్చినవి.

భాష విషయమునను పెద్దలు ఊరకుండలేదు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడెను. పగలు పనిచేసి అలసినవారు సాయంకాలములందు ఆలయపు వసారాలలో పిల్లలకు ఓనమాలు దిద్దించిరి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము ఆరవ ప్రకరణమున, ఆదరింపవలసిన సమాజ భాషలలో తెలుగును పేరుపెట్టి చెప్పినది. ఇది గొప్ప గౌరవము. కాని రాజ్యాంగము పేరు చెప్పగలదే గాని మన బదులు పలుకలేదు. అర్చకులు పేరు అడిగినపుడు నోరు తెరువవలసినవారము మనమే.

అభ్యాసము

క్రింది ప్రశ్నలకు సమాధానములను తెలుగు లిపిలో ఒక కాగితముపై వ్రాసి, పూజామందిరమున నుంచుడు. తెలియనిదానికి చోటు విడువుడు. ఆ చోటును పెద్దలను అడిగి నింపుడు.

1. మీ ఇంటికి దగ్గరగా నున్న నది ఏది? మీ ఆలయము దానికి ఏ దిక్కున నున్నది?
2. మీ కుటుంబము ఇంతవరకు కాపురమున్న ఊళ్ళను వరుసగా వ్రాయుడు.
3. మీరు పుట్టిన తెలుగు సంవత్సరము, మాసము, తిథి, నక్షత్రము ఏవి?
4. మీ గోత్రమును, ఇంటిపేరును వ్రాయుడు. అవి ఎవరు చెప్పగా తెలిసినవి?
5. తండ్రి, తాత, ముత్తాతల పేర్లను, తల్లి, అవ్వ, ముత్తవ్వల పేర్లను వ్రాయుడు.
6. మీ వంశమున ఓడ దిగినవారు ఎవరు? వారి సంఖ్య, జిల్లా, గ్రామము ఏవి?
7. మీ ఇంటి పెద్దలలో మిక్కిలి వృద్ధులైనవారికి తెలిసిన తెలుగు మాటలలో, మీకు తెలియనివి పది వ్రాయుడు.

ఏడవ ప్రశ్నను ఆలస్యము చేయవలదు. తక్కిన ఆరింటికి పత్రములు సహాయపడగలవు. దీనికి మనుష్యులే ఆధారము.

వచ్చు ఉగాదినాడు ఈ కాగితమును చేతపట్టుకొని ఆలయమునకు రండు. అర్చకులు అడిగిన ప్రశ్నకు ఈసారి పిల్లవానినే సమాధానము చెప్పనిండు.

సర్వేషాం శుభమస్తు.